బిడ్డ బాధను వినుట



బిడ్డకు మూడు రోజులు జ్వరము వస్తే ప్రార్థన చేసి ఆసుపత్రికి కూడా తీసుకొని వెళ్తాము. అదే బిడ్డ మూడు వారములుగా సరిగా తినక, నిద్రపోక, ఎవరితోను మాట్లాడక ఉంటే "వయసు అలాంటిది" అని ఊరుకుంటాము. ఎవరైనా మానసిక వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్తే గుసగుసలాడుకుంటాము. ఈ తప్పు మనలో ఉన్నది.

1. గుర్తులు: చిన్నపిల్లలు బాధను మాటలతో చెప్పలేరు. మాటిమాటికి కడుపునొప్పి, పక్క తడుపుట, బడికి వెళ్లనని మారాము చేయుట, ఇవే వారి మాటలు కావచ్చును. యౌవనస్థులలో కోపము, ఒంటరితనము, చదువులో వెనుకబడుట కనబడును. మానసిక సమస్యలలో సుమారు సగము 14 ఏండ్లలోపే మొదలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపినది. కనుక ఆలస్యము చేయరాదు.

2. కౌన్సెలింగ్ అనగా ఏమి? అది బుద్ధి చెప్పుట కాదు, వినుట. చిన్నవారితో ఆటలు, బొమ్మల ద్వారా మాట్లాడుదురు. బిడ్డతో వేరుగా, తల్లిదండ్రులతో వేరుగా, పిమ్మట అందరితో కలిసి మాట్లాడుదురు. ఇంటిలోని తగవులు, త్రాగుడు, మార్కుల పోలిక అలాగే ఉండగా బిడ్డ ఒక్కడే మారవలెననుట న్యాయమా?

3. భాష: మన బిడ్డలకు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, ఇంటిలో తెలుగు. కౌన్సెలరుకు తెలుగు రానప్పుడు బిడ్డనే తర్జుమా చేయమనరాదు. తల్లి ఏడుపును, తండ్రి కోపమును తానే పలుకుచున్న బిడ్డ తన బాధ ఎప్పుడు చెప్పుకొనును? రహస్యము కాపాడే పెద్దవారిని ఒకరిని తోడు తీసుకొని వెళ్లవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవలో 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ఇది ఉచితము, రాత్రింబగళ్లు పని చేయును. దూరమని భయపడనక్కరలేదు, జిల్లా ఆసుపత్రిలో అడుగవచ్చును. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు మాదిరి, మనవారు అనేకులున్న బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వారు చేసిన పనియే.

4. చావు మాట: బిడ్డ నోట ఆ మాట వస్తే గద్దించరాదు, తేలికగా తీసుకొనరాదు. "చనిపోవాలని అనిపిస్తుందా, నాన్నా?" అని నెమ్మదిగా అడుగవలెను. అడిగినంత మాత్రాన ఆ తలంపు పుట్టదు. ఒంటరిగా విడువక ఆ దినమే ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలెను.

చర్చకు ప్రశ్నలు:
(అ) ఈ వారము మన బిడ్డ చెప్పినది మధ్యలో ఆపకుండా ఎన్నిసార్లు విన్నాము?
(ఆ) వైద్యము పొందుచున్న కుటుంబమును గుసగుసల నుండి కాపాడుటకు మనము ఏమి చేయగలము?