చెరువు కట్ట మీద ఆ ఇద్దరి ప్రేమకథ రాయండి

మీరు కంభంలోనో మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఉండి కథలు రాస్తున్నారా? ఇద్దరు మగవాళ్ల మధ్యో, ఇద్దరు ఆడవాళ్ల మధ్యో పుట్టిన ప్రేమను రాయాలని మనసులో ఉందా? అయితే వెనకాడకండి. ‘ఇలాంటివాళ్లు మన వైపు ఎక్కడుంటారు, హైదరాబాద్‌లో పెట్టి రాద్దాం’ అని ఆ పాత్రల్ని రైలెక్కించకండి. వాళ్లు ఇక్కడే ఉన్నారు. మనం చూడలేదంతే.

ముందు ఒక విషయం గట్టిగా పట్టుకోండి. మన ఊళ్లలో అబ్బాయీ అమ్మాయీ ప్రేమించుకుంటే వాళ్లకు కలుసుకోవడమే గండం. ఈ ఇద్దరికీ ఆ బాధ లేదు. ఇద్దరు కుర్రాళ్లు ఒకే బండి మీద, భుజం మీద చెయ్యేసుకుని చెరువు కట్టకు పోతే ఎవరూ తల తిప్పి చూడరు. ఇద్దరు ఆడపిల్లలు ఎండాకాలం మిద్దె మీద ఒకే చాప పరుచుకుని పడుకుంటే అమ్మే దిండ్లు తెచ్చిస్తుంది. రోజూ కలవొచ్చు, గంటలు గంటలు కూర్చోవచ్చు. నోరు తెరిచి చెప్పడమే కష్టం. చెప్పాక అవతలివాళ్ల మనసులో అది లేదని తేలితే ప్రేమతోపాటు చిన్ననాటి స్నేహమూ పోతుంది. ఊళ్లో తలెత్తుకోలేననే భయం సరేసరి. మీ కథకు బిగువు అక్కడ దొరుకుతుంది, ముద్దుల్లోనో కన్నీళ్లలోనో కాదు.

ఇక పెళ్లి. అసలు చిక్కు దానితోనే మొదలవుతుంది. ఇలా రాసి చూడండి:

“ఏంరా, మీ ఇంట్లో సంబంధం చూస్తన్నారంట?”

“చూస్తన్నారు.”

“మరి?”

“బజ్జీలు చల్లారిపోతన్నయ్, తిను.”

ఇక్కడ ఆపేయండి. దీని కింద ‘అతని గుండె బద్దలైంది’ అని రాశారో, కట్టిందంతా మీ చేత్తో మీరే కూల్చుకున్నట్టు.

ఊరిని కూడా కథలోకి పనికి పిలవండి. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు మనది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు తెచ్చుకుంది. గర్వపడాల్సిందే. కానీ మీ పాత్ర కట్ట మీద నిలబడి చరిత్ర పాఠం చెప్పదు. ఈ ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూస్తుంది. చెరువు నిండితే కింద వరి పండుతుంది, వరి పండితే నాయన చేతిలో డబ్బు ఆడుతుంది, డబ్బు ఆడితే పెళ్లికి ముహూర్తం పెడతారు. వాన కోసం ఊరంతా మొక్కుతుంటే, వీడొక్కడు చెరువు నిండకూడదని లోలోపల కోరుకుంటాడు. మళ్లీ ఎండిన మడిలో నిలబడ్డ నాయన ముఖం చూసి తల దించుకుంటాడు. ఇదే కథను హైదరాబాద్‌లో పెడితే ఈ నలుగులాట మీకు దొరుకుతుందా?

కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో కూడా తేల్చుకోండి. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలించింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల విషయంలో అది నేరం కాదంది. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ తమ పెళ్లికి చట్టబద్ధత కోరుతూ అదే కోర్టుకు వెళ్తే 2023 అక్టోబర్‌లో కాదని, అది చట్టసభలు తేల్చాల్సిన సంగతి అంది. 2015లో మీ పాత్రకు పోలీసు భయం ఉంటుంది. ఇవాళ ఆ సెక్షన్ భయం లేదు, ఇంటి భయం మాత్రం అలాగే ఉంది.

చదవండి కూడా. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో రాసిన ‘లిహాఫ్’ కథ మీద లాహోర్‌లో అశ్లీలత కేసు నడిచింది, నిలవలేదు. ఆ కథంతా ఒక చిన్నపిల్ల కళ్లతో సాగుతుంది. అసలు సంగతి పేరు పెట్టి ఎక్కడా చెప్పదు. బళ్లారి జిల్లా సండూరువాడైన వసుధేంద్ర 2013లో కన్నడంలో ‘మోహనస్వామి’ కథలు తెచ్చారు. మన రైలుమార్గం గుంతకల్లు మీదుగా ఆ బళ్లారికే పోతుంది, అంత దగ్గరి మనిషి. తెలుగులో 2018 నాటి ‘అ!’ సినిమాలో ఒక అమ్మాయి తను పెళ్లాడబోయే అమ్మాయిని తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. ‘తేడాగాడు’ అని నవ్వించడమే చాలాకాలం అలవాటైన మన తెరకు అది పెద్ద అడుగు.

తెలియకపోతే అడగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. మదురైకి చెందిన ఇద్దరు యువతులు ఇళ్లు విడిచి చెన్నై చేరి, రక్షణ కోరుతూ మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తీర్పు రాయడానికి ముందు, తనకు ఈ విషయం పూర్తిగా అర్థం కాలేదని కోర్టులోనే ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి ముందు కూర్చుని నేర్చుకున్నారు. ఆ తర్వాతే, 2021 జూన్‌లో, స్వలింగ ప్రేమికుల్ని వైద్యం పేరుతో ‘మార్చే’ ప్రయత్నాలను నిషేధించారు. హైకోర్టు జడ్జి అంతటివాడు నేర్చుకోవడానికి కూర్చుంటే, కథ రాసేవాళ్లం మనకేం అడ్డు?

ఎవరైనా నమ్మి తన సంగతి చెబితే దాన్ని ఉన్నదున్నట్టు దించేయకండి. పేరు మారిస్తే చాలదు. కంభంలో వీధి, కులం, నాయన చేసే పని చెబితే మనిషి దొరికిపోతాడు. మూడూ మార్చండి. రాశాక ముందు ఆ మనిషికే చదివి వినిపించండి. వద్దంటే ఆ ముక్క తీసేయండి. చివర్లో పురుగుమందు డబ్బానో రైలు పట్టాలనో పెట్టి ఆ ఇద్దర్నీ చంపకండి, అలాంటి కథలు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాళ్లకు మర్నాటి ఉదయం ఒకటి రాయండి. అప్పుడు పత్రికకు పంపండి. తిరిగొస్తే ఇంకో పత్రికకు పంపండి.