తాటివనాల బాట పట్టే ముందు

నాంపల్లి, హైదరాబాద్

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఫ్రాన్స్‌లో ఆల్సేస్ ద్రాక్షతోటల నడుమ ఊరి నుంచి ఊరికి నడక, గుట్టల మీద పాత కోటలు, తోట యజమాని తానే గ్లాసు నింపి చేతికివ్వడం. వచ్చే ఏడు ఇద్దరు స్నేహితురాళ్లతో వెళ్తానని, ఇప్పటి నుంచే పైసలు కూడబెడుతున్నానని రాశావు. తప్పకుండా వెళ్లు. 170 కిలోమీటర్ల ఆ దారిని 1953లోనే వాళ్లు వైన్ దారి అని పేరు పెట్టి, బోర్డులు నాటి లోకానికి చూపించారు. అలాంటి సీమ మనకూ ఉంది. పేరు పెట్టినవాళ్లే లేరు. నాంపల్లి నుంచి కాజీపేట వైపు పోయే రైలెక్కు. భువనగిరి దాటాక కిటికీకి రెండు పక్కలా కనిపించే తాటిచెట్లే మన తోటలు. ముందు అక్కడ మూడు రోజులు నడువు. ఇది నా సలహా కాదు, కోరిక అనుకో.

ఎందుకంటే, ఒక నేల మీద పుట్టే మత్తుపానీయం రుచి తెలుసుకోవడం పెద్ద సంగతి కాదు. దాన్ని తీసే మనిషి దగ్గర ఎలా మసలుకోవాలో తెలియడం పెద్ద సంగతి. భాష రాని చోట నువ్వు ఎంత మర్యాదగా ఉన్నా గిరాకీవే. ఇక్కడైతే “అన్నా, పొద్దుగాల ఎన్ని చెట్లెక్కినవ్?” అని అడిగి పక్కన కూర్చోగలవు. ఆ అలవాటుతో వెళ్తే ఆల్సేస్‌లో కూడా నీకు తోట వెనక ఉన్న మనిషి కనిపిస్తాడు.

బయలుదేరే ముందు ఇక్కడే చేయాల్సిన పనులున్నాయి. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల దగ్గర ఒక పూట గడుపు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ దొరికితే వదలకు. రాజులను పక్కనపెట్టి మన జనం ఏం తిన్నారు, ఏం తాగారు, ఏ ఆటలాడారు అని వెతికిన పుస్తకం అది. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే వచ్చింది. మరో పూట పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో చాళుక్యుల, కాకతీయుల నాటి శిల్పాల ముందు నిలబడు. తరవాత ఊళ్లలో గుడి గోడకు ఆనించిన రాయి కనిపిస్తే అది ఏ కాలపుదో నీ కన్నే చెప్తుంది.

మొదటి రోజు ఆలేరు. అక్కడ ఆగే బండి నాంపల్లి నుంచి దొరక్కపోతే సికింద్రాబాద్ వెళ్లి ఎక్కండి. ఆలేరు నుంచి కొలనుపాక ఆరేడు కిలోమీటర్లు. ఆటోలు పిలుస్తాయి, ఎక్కకండి. కల్యాణి చాళుక్యుల కాలంలో పెద్ద పట్టణంగా వెలిగిన చోటికి నడిచే వెళ్లాలి. జైనులకు అది పెద్ద యాత్రాస్థలం. అక్కడి జైన గుడిలో కొలువైన ఆదినాథుణ్ణి వాళ్లు మాణిక్యస్వామి అంటారు. పచ్చరాతి మహావీరుడి విగ్రహమూ ఆ గుడిలోనే ఉంది. అదే ఊళ్లో సోమేశ్వరాలయం వీరశైవులకు అంతే పవిత్రం. రేణుకాచార్యుడు అక్కడి లింగం నుంచే ఉద్భవించాడని వాళ్ల నమ్మిక. ఒకప్పుడు జైనులకూ శైవులకూ ఎంత పోరు నడిచిందో చదివి వెళ్తే, ఆ రెండు గుళ్లూ ఒకే ఊళ్లో ఉండటం నీకు మరోలా కనిపిస్తుంది.

రెండో రోజు పెంబర్తి. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మ తేల్చే విశ్వకర్మల ఊరు. పని జరిగే చోట కూర్చుని చూడండి, కొనమని ఎవరూ బలవంతపెట్టరు. కొన్నా చిన్నదే కొనండి, బరువు మోయాల్సింది మీరే. జనగామలో బస చేయండి. ఇంకో రోజు చేతిలో ఉంటే పోతన పుట్టాడని చెప్పే బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి ఆ జిల్లాలోనే ఉన్నాయి. ఈ విడతకు వాటిని కలపకండి, హడావిడి అవుతుంది.

మూడో రోజు కోసమే ఇంత చెప్పాను. రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపురం. ఊరి నడుమ గుండ్రని బురుజులతో రాతికోట ఉంటుంది. కట్టించింది రాజు కాదు. కల్లుగీసే ఇంట పుట్టిన సర్వాయి పాపన్న. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాక ఈ సీమలో పాత అధికారం కూలింది, కొత్తది నిలదొక్కుకోలేదు. ఆ సందులో పాపన్న కోటలు కట్టాడు, సైన్యం కూర్చాడు, 1708లో ఏకంగా వరంగల్లు మీద పడి పట్టణాన్ని కొల్లగొట్టాడు. భువనగిరినీ వదల్లేదు. 1710లో మొగలు సైన్యం అతన్ని పట్టి చంపింది. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్‌కు అతను బందిపోటు. పల్లె పాటకు వీరుడు. 1874లోనే బాయిల్ అనే ఇంగ్లీషువాడు ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో తెలుగు వీరగాథల గురించి రాస్తూ పాపన్న పాటను అచ్చువేశాడు. చనిపోయిన నూట అరవై ఏండ్ల తరవాత కూడా జనం పాడుతున్నారంటే ఆ పేరు ఎంత లోతుకు దిగిందో చూడు. మన కాలంలో వెల్చేరు నారాయణరావు, జాన్ రిచర్డ్స్ కలిసి రాసిన వ్యాసం, రిచర్డ్ ఈటన్ 2005లో తెచ్చిన దక్కన్ సాంఘిక చరిత్ర చదువు. అతను దోచినవాళ్లలో సామాన్యులూ ఉన్నారు. అతని వెంట నడిచినవాళ్లలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు. ఎవరైనా నీకు ఈ కథలో సగమే చెప్తే మిగతా సగం అడుగు. నా మటుకు నాకు, చెట్టెక్కే మోకు కట్టిన కులం నుంచి వచ్చినవాడు కోట బురుజు కట్టగలగడమే ఈ సీమ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద వార్త.

ఇక కల్లు సంగతి. చలికాలమంతా ఈతకల్లు. నుమాయిష్ ముగిసే రోజుల్లో, అంటే ఫిబ్రవరి నడుమ, తాటిచెట్లు గీతకు వస్తాయి. మీరు అప్పుడే వెళ్లండి. ఎండ ముదరదు, మోదుగలు పూస్తుంటాయి. తెల్లవారకముందే కల్లుగీసే గౌడన్న నడుముకు మోకు, ముత్తాదు బిగించి, గీత కత్తి పెట్టుకుని బయలుదేరుతాడు. గెల చివర పలుచగా గీసి కింద కల్లు పట్టే లొట్టి కడతాడు. రోజూ పొద్దున, మాపున గీయాల్సిందే. ఒక్క పూట మానితే చెట్టు ఊరడం తగ్గుతుంది. అందుకే వాళ్లకు పండగ లేదు, జ్వరం లేదు. లొట్టికి సున్నం రాస్తే పులియకుండా తియ్యగా ఉండేది నీరా. రాయకపోతే గాలిలోని ఈస్టు పట్టుకుని గంటల్లోనే కల్లవుతుంది. పొద్దెక్కేకొద్దీ పులుపూ మత్తూ పెరుగుతాయి. వైన్‌ను ఏండ్లకేండ్లు దాస్తారు. ఇది ఆ పూటదే. అందుకే దీన్ని చెట్టు దగ్గరికి నడిచొచ్చి తాగాలి.

తాగాలా వద్దా అన్నది నీ ఇష్టం. తాగితే చెట్టు కింద, నీ కళ్లముందు దించిన లొట్టి నుంచి, తాటాకు రేకలో తాగు. మన పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగడం వింత కాదు, సిగ్గుపడకు. కానీ పట్నం దుకాణంలో ముట్టకు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు పలువురి ప్రాణం తీసింది. మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపే పాపం ఏండ్ల నుంచి నడుస్తోంది. ఒకసారి దానికి అలవాటు పడిన మనిషికి అది దొరక్కపోతే చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది. అది కల్లు కాదు, మందుబిళ్లల నీళ్లు. దానివల్ల నిఖార్సైన గీతకార్మికుడి పేరూ చెడుతోంది. నాకు బాధంతా అదే.

అతని పనిలో ప్రాణాపాయం ఎంతో కూడా తెలుసుకో. ముప్పై, నలభై అడుగుల ఎత్తున మోకు జారితే బతికినా నడుము పోతుంది. 2024 జులైలో ప్రభుత్వం గీతకార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్ల దేవుడు కాటమయ్య పేరే వాటికి పెట్టారు. ఆ కిట్టు కట్టుకున్న మనిషి కనిపిస్తే ఎలా ఉందని అడుగు, విను. నాంపల్లిలోని ఆబ్కారీ ఆఫీసు కాగితాల్లో చెట్టుకు నంబరుంటుంది, సొసైటీకి లైసెన్సు ఉంటుంది. ఎక్కే మనిషి మోకాళ్ల సంగతి అతని నోటితోనే వినాలి.

కొన్ని మర్యాదలు. అతను చెట్టు మీద ఉన్నప్పుడు కింద నుంచి పిలవకు. దిగి, మోకు విప్పి, నీళ్లు తాగాకే మాట్లాడు. ఫొటో తీసే ముందు అడుగు. కట్టిన లొట్టి ఏదీ తాకకు, అది మరొకరి పూట కూడు. పొలం గట్ల మీద నడిచేటప్పుడు నారుమడి తొక్కకు. నీళ్ల సీసాలు, పల్లీలు, టార్చి, మంచి బూట్లు తీసుకెళ్లండి. తాటి కమ్మ అంచు రంపంలా కోస్తుంది, నిండు చేతుల చొక్కా వేసుకో. ముగ్గురూ ఎప్పుడూ కలిసే ఉండండి, చీకటి పడకముందే జనగామ చేరండి, రోజూ రాత్రి నాకు ఫోను చేయి.

లొట్టికి గౌడన్న ఎంత అడిగితే అంత ఇవ్వు బిడ్డా, బేరమాడకు.

నీ పెద్దనాన్న