వలస న్యాయవాది

పరదేశంలో స్థిరపడదలచిన వ్యక్తికి ఆ దేశభాష రావచ్చు, చేతిలో మంచి విద్య ఉండవచ్చు. అయినా అతనిని ఉండనిచ్చేదీ, వెళ్లగొట్టేదీ ఆ దేశపు శాసనమే. శాసనంలోని ఒక్క పదానికి చెప్పే అర్థంపై ఒక కుటుంబం బ్రతుకు ఆధారపడి ఉంటుంది. ఆ అర్థాన్ని గూర్చి వలసవచ్చినవారి పక్షాన వాదించేవాడే వలస న్యాయవాది. అమెరికాలో భారతీయుల కోసం ఈ బాధ్యతను తొలినాళ్లలో వహించినవారిలో సఖారాం గణేశ్ పండిత్ ముఖ్యుడు.

పండిత్ 1914లో కాలిఫోర్నియాలో అమెరికా పౌరసత్వం పొంది, 1917లో న్యాయవాది అయ్యాడు. ఆనాటి పౌరసత్వ నిబంధనకు మూలం 1790 నాటి చట్టం. ‘స్వేచ్ఛగల శ్వేతజాతీయులు’ మాత్రమే పౌరులు కాగలరని అది విధించింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా ఆ హక్కు లభించింది. మరి భారతీయుడు ఏ కోవకు చెందుతాడు? ఒక న్యాయమూర్తి అతడు శ్వేతుడే అన్నాడు, మరొకరు కాదన్నారు.

పంజాబుకు చెందిన భగత్ సింగ్ థిండ్ 1913లో అమెరికా చేరి, 1918లో తలపాగాతోనే ఆ దేశపు సైన్యంలో పనిచేశాడు. ఆ ఏడాది డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇచ్చిన పౌరసత్వాన్ని నాలుగు రోజులలోనే రద్దు చేశారు. 1920లో ఓరిగాన్ రాష్ట్రంలో మరల లభించింది. ప్రభుత్వం దానిని సవాలు చేయగా వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. థిండ్ పక్షాన 1923 జనవరిలో పండిత్ వాదించాడు.

ఆయన వాదం తర్కబద్ధమైనది. 1922 నవంబరులో ఒజావా అనే జపాను దేశీయుని వ్యాజ్యంలో అదే న్యాయస్థానం శ్వేతుడంటే కకేషియన్ జాతివాడని చెప్పింది. ఉత్తర భారతీయులను ఆనాటి మానవశాస్త్రజ్ఞులు కకేషియన్లలోనే లెక్కించారు. కనుక థిండ్ అర్హుడు. అయితే 1923 ఫిబ్రవరి 19న న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్ వెలువరించిన తీర్పు, ఆ పదాన్ని శాస్త్రజ్ఞుని దృష్టితో కాక సామాన్యుని వాడుకను బట్టి గ్రహించాలన్నది. మూడు నెలల క్రితం తాను చూపిన కొలబద్దను న్యాయస్థానం తానే పక్కన పెట్టింది! పండిత్ వాదంలోనూ ఒక లోపం లేకపోలేదు. థిండ్ అగ్రవర్ణపు స్వచ్ఛతను కూడా అది ఆసరా చేసుకొన్నది. అన్యాయమైన గోడను ప్రశ్నించక, తన కక్షిదారును మాత్రం గోడ దాటింపజూసింది. కాని చట్టాన్ని మార్చడం న్యాయవాది చేతిలో లేదు. ఉన్న చట్టంలో దారి వెదకడమే అతని వృత్తి.

ఆ తీర్పును ఆధారం చేసుకొని, అప్పటికే పౌరులైన భారతీయుల హక్కులను ప్రభుత్వం రద్దు చేయసాగింది. పౌరసత్వానికి అర్హత లేనివారు కాలిఫోర్నియాలో సాగుభూమి కొనరాదు. అందుచేత పోయేది కాగితం మాత్రమే కాదు. పండిత్ పైనా దావా పడింది. ఈసారి ఆయన జాతి ప్రసక్తిని ప్రధానం చేయలేదు. అధికారం గల న్యాయస్థానం 1914లో విచారించి తీర్పు చెప్పింది. గడువులో అప్పీలు చేయని ప్రభుత్వం అదే విషయాన్ని మరల తవ్వరాదు. ఆ తీర్పును నమ్మి తాను వృత్తి చేపట్టాడు, ఆస్తి సంపాదించాడు, వివాహమాడాడు అని వాదించాడు. 1926లో అప్పీలు న్యాయస్థానం ఆయన పక్షాన నిలిచింది. 1927లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. తక్కిన భారతీయులపై దావాలను ప్రభుత్వం విరమించుకొన్నది.

అప్పటికే నష్టపోయినవారికి మాత్రం ఆ గెలుపు అందలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు వైష్ణోదాస్ బగాయి ఆ అవమానం భరించలేక 1928లో ప్రాణం తీసుకొన్నాడు. థిండ్‌కు మాజీ సైనికుల కోసం చేసిన 1935 నాటి చట్టం వలన 1936లో పౌరసత్వం దక్కింది. భారతీయులందరికీ ఆ మార్గం తెరచుకొన్నది 1946లో. 1923లోనే బోస్టన్ చేరిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, అంతటి వైద్య పరిశోధకుడై కూడా, 1948లో పౌరుడు కాకుండానే కన్నుమూశాడు.

1952 చట్టం జాతి నిబంధనను తొలగించింది. దేశం నుండి పంపివేసే విచారణలో న్యాయవాదిని పెట్టుకొనే హక్కును కూడా గుర్తించింది. ఖర్చు మాత్రం ప్రభుత్వానిది కాదు. ఆ ఖర్చుకు వెరచి లైసెన్సు లేని సలహాదారులను ఆశ్రయించి చిక్కులలో పడేవారు నేటికీ ఉన్నారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరిట అధికారులే నడిపిన బూటకపు సంస్థలో చేరి నూటికి పైగా భారతీయ విద్యార్థులు నిర్బంధంలో పడ్డారు. వారిలో తెలుగువారు అనేకులు. తెలియని కాగితాలపై సంతకం చేయవద్దని, ముందుగా న్యాయవాదితో మాట్లాడమని నాడు తెలుగు సంఘాలు హెచ్చరించాయి. బహిష్కరణ ఉత్తర్వుతో వెళ్లినవానికి ఏళ్ల తరబడి తిరిగి ప్రవేశం ఉండదు. న్యాయమూర్తి అనుమతితో స్వచ్ఛందంగా వెళ్లినవానికి సాధారణంగా ఆ ఉత్తర్వు తెచ్చే నిషేధం అంటదు. ఇద్దరూ ఎక్కేది ఒకే విమానం. ఆ తేడాను గుర్తించి, గడువులోగా అర్జీ పెట్టించడం న్యాయవాది పని.