మాట ఎలా పుడుతుంది?

ఎండాకాలం వచ్చిందంటే నూజివీడు తోటల్లో సందడే సందడి. చిక్కం కట్టిన గెడతో ఒకరు కాయ కోస్తారు. గంపలతో మరికొందరు ఏరతారు. "ఇటు రండమ్మా, ఇక్కడ చిన్నరసాలున్నాయి!" అని ఒక కేక. ఆ కేక గట్టు అవతలికి కూడా వినిపిస్తుంది. మరి ఆ కేక ఎక్కడ పుట్టింది?

ఊపిరి

మాటకు మూలం ఊపిరి. ఊపిరి బిగబట్టి మీ పేరు చెప్పి చూడండి. మాట రాదు. గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తులు నిండుతాయి. ఆ గాలి బయటికి వచ్చేటప్పుడే మనం మాట్లాడతాం.

గొంతు

గొంతులో రెండు చిన్న మడతలు ఉంటాయి. వాటిని స్వరతంత్రులు అంటారు. పిల్లలు కొబ్బరాకు బూర ఊదుతారు కదా. గాలికి ఆకు అదిరి బూర మోగుతుంది. స్వరతంత్రులు కూడా అలాగే అదురుతాయి. ఆడవారి గొంతులో అవి సెకనుకు సుమారు 200 సార్లు అదురుతాయి. మగవారిలో సుమారు 120 సార్లు. అందుకే మన గొంతు సన్నగా ఉంటుంది.

గొంతు మీద వేళ్లు పెట్టి "ఆ" అనండి. అదురు తెలుస్తుంది.

నోరు, ముక్కు

ఆ శబ్దాన్ని అక్షరాలుగా మార్చేవి నాలుక, పెదవులు, పళ్లు, ముక్కు. "మామిడి" అనండి. "మా" అన్నప్పుడు పెదవులు కలిశాయి. "మి" అన్నప్పుడు మళ్లీ కలిశాయి. "డి" అన్నప్పుడు నాలుక పైకి మడత పడింది. ఇప్పుడు ముక్కు మూసుకుని అనండి. "బాబిడి" లాగా వినిపిస్తుంది. "మ" పలకాలంటే గాలి ముక్కులోంచి రావాలి.

అరచేయి నోటి ముందు పెట్టి "క", "ఖ" అనండి. "ఖ" అన్నప్పుడు గాలి గట్టిగా తగులుతుంది. అందుకే పెద్దలు ఇలాంటి అక్షరాలను మహాప్రాణాలు అన్నారు. ప్రాణం అంటే ఇక్కడ ఊపిరి.

నలుగురిలో చదవాలంటే

గ్రామసభలో మంచినీళ్ల కోసం అర్జీ చదవాలి. లేచి నిలబడగానే గొంతు వణుకుతుంది. "నాకు చదువు సరిగా రాలేదు" అనుకుంటాం. అది నిజం కాదు. భయం వేస్తే ఊపిరి పైపైనే ఆడుతుంది. గాలి చాలక మాట మధ్యలో తెగిపోతుంది.

అప్పుడు ఏం చేయాలి? నిటారుగా నిలబడండి. పొట్ట కొంచెం ముందుకు వచ్చేలా గాలి నిదానంగా పీల్చండి. అప్పుడు మొదలుపెట్టండి. కామా దగ్గర కొంచెం ఆగండి. వాక్యం చివర చుక్క దగ్గర మళ్లీ గాలి పీల్చండి. ఆ గుర్తులు మన ఊపిరికి కూడా సాయం చేస్తాయి.

గొంతు జాగ్రత్త

రోజంతా అరిస్తే స్వరతంత్రులు వాస్తాయి. గొంతు బొంగురు పోతుంది. నీళ్లు బాగా తాగాలి. గొంతుకు విశ్రాంతి ఇవ్వాలి. చుట్ట, బీడీ పొగ గొంతుకు చేటు. బొంగురు 3 వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. "అదే తగ్గుతుందిలే" అని ఊరుకోకూడదు.

చెప్పండి
1. ఊపిరి బిగబడితే మాట ఎందుకు రాదు?
2. నలుగురిలో గొంతు ఎందుకు వణుకుతుంది?

చేయండి
మీ ఊరి సమస్య ఒకటి నాలుగు వాక్యాల్లో రాయండి. చుక్క దగ్గర ఆగుతూ అందరికీ వినపడేలా చదవండి.