ఖాకీ చొక్కా, కోర్టు మెట్లు

ప్రశ్న: డిస్మిసల్, రిమూవల్ రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. రిమూవల్ అయినవాడు మళ్లీ సర్కారు కొలువుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, డిస్మిస్ అయినవాడికి మామూలుగా ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ప్రశ్న: మా ఎస్సైని ఏసీబీ లంచం తీసుకుంటుండగా పట్టుకుంది. సస్పెన్షన్‌తో సరిపెట్టారు. అదే రోజు ఉద్యోగం పీకేయరేం?

జవాబు: పీకేస్తే మీకు ఆ రోజు కడుపు నిండుతుంది. తర్వాత అతగాడు కోర్టుకెళ్లి, పాత జీతం బకాయిలతో సహా అదే కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తారు? రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, ఆరోపణ ఏమిటో చెప్పి, విచారణ జరిపి, అతని మాట వినాలి. నియామకం చేసిన అధికారి కన్నా కిందివాడు డిస్మిస్ చేస్తే అసలు చెల్లనే చెల్లదు. విచారణ అక్కర్లేని సందర్భాలు మూడే: క్రిమినల్ కేసులో శిక్ష పడటం, విచారణ జరపడం ఆచరణలో కుదరకపోవడం, దేశ భద్రత. 2021లో ముంబయిలో పోలీసు అధికారి సచిన్ వాజేని రెండో దారిలోనే తీసేశారు. ఆ దారి చూడ్డానికి దగ్గరే. కానీ ఎందుకు కుదరదో కాగితం మీద రాయాలి. విచారణ తప్పించుకోడానికో, శాఖ దగ్గర సాక్ష్యం బలహీనంగా ఉందనో ఆ దారి పట్టకూడదని 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది.

నన్నడిగితే, తప్పు చేసిన పోలీసుకి తొందరపడే పై అధికారిని మించిన చుట్టం లేడు. క్రిమినల్ కేసు తేలేదాకా శాఖ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే నడవొచ్చు. పైగా కోర్టులో అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి, శాఖా విచారణలో మొగ్గు ఎటుందో తేలితే చాలు. అంత వెసులుబాటు ఉండి కూడా ఆరోపణలు చెప్పే చార్జ్ మెమో అరకొరగా రాస్తారు, విచారణాధికారి నివేదిక నకలు ఇవ్వరు. మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే 1993లో ఆ నకలు ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు అంది. ముప్పై ఏళ్లు దాటినా మన ఆఫీసుల్లో కొందరికి ఆ కబురు అందలేదు! మీరు ఆవేశపడాల్సింది సస్పెన్షన్ మీద కాదు. చార్జ్ మెమో ఇచ్చారా లేదా అని అడగండి.

ప్రశ్న: మావారు కానిస్టేబుల్. శాఖ డిస్మిస్ చేసింది, కోర్టు క్రిమినల్ కేసు కొట్టేసింది. ఉద్యోగం తిరిగి వచ్చినట్టేనా అండీ?

జవాబు: దానంతటదే రాదమ్మా. సాక్షులు ఎదురు తిరిగితేనో, సంశయలాభం ఇచ్చేస్తేనో శాఖ నిర్ణయం పడిపోదని 2012లో సుప్రీంకోర్టు అంది. అలాగని దిగులు పడకండి. రెండుచోట్లా అవే సాక్ష్యాలు, అవే సాక్షులు అయి, కోర్టు వాటిని నమ్మలేదంటే 1999 నాటి పాల్ ఆంథోనీ తీర్పు మీకు ఆసరా. ఆ కేసులో ఆంథోనీకి సస్పెన్షన్లో ఉండగా జీవనభత్యం కూడా ఇవ్వకుండా, ఆయన లేకుండానే విచారణ ముగించారు, అదీ చెల్లలేదు. మీవారికి ఆ భత్యం అందిందో లేదో చూడండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ, విచారణ నివేదిక రెండూ పట్టుకుని సర్వీసు కేసులు చూసే వకీలు దగ్గరకి వెళ్లండి. అప్పీలు గడువు దాటిపోకముందే.