దావాకు వ్యతిరేక పదం ఏది?

సామర్లకోట వంటి మన గోదావరి ఊళ్లలో ఎన్నో ముస్లిం కుటుంబాలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతాయి. గడప దాటగానే అర్థం తలకిందులయ్యే పదం ఒకటుంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా చేసినవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు! రెండింటికీ మూలం ఒకే అరబీ పదం. 'ఇది నా హక్కు' అనటమే దావా. దానికి వ్యతిరేక పదం ఏది? షరీయత్ వెలుగులో చూస్తే మూడు కనిపిస్తాయి.

1. ఇన్కార్ (కాదనటం): రుజువు చూపే బాధ్యత దావా చేసినవానిది. రుజువు లేకపోతే కాదన్నవాడు ప్రమాణం చేయాలి. హజ్రత్ అష్‌అస్ బిన్ ఖైస్ (ర)కు ఒక యూదునితో భూమి తగాదా వచ్చింది. రుజువుందా అని దైవప్రవక్త (స) అడిగారు. లేదన్నారాయన. అయితే ప్రమాణం చేయమని ఆ యూదునితో అన్నారు. అతను అబద్ధపు ప్రమాణం చేసి నా సొమ్ము కాజేస్తాడని అష్‌అస్ (ర) వాపోయారు. అయినా తన సహచరుని కోసం దైవప్రవక్త (స) నియమం మార్చలేదు. అబద్ధపు ప్రమాణాలను అల్పమైన మూల్యానికి అమ్ముకునేవారికి పరలోకంలో ఏ వాటా ఉండదని హెచ్చరించే ఆయతు (3 : 77) ఈ సందర్భంలోనే అవతరించింది.

2. కిత్మాన్ (దాచటం): నోటితో కాదనకపోయినా, తెలిసిన సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపంతో కూడినదని ఖుర్ఆన్ (2 : 283) చెబుతోంది. దస్తావేజు బీరువాలో పెట్టుకుని 'నాకేం తెలియదు' అనటం ఈ కోవలోనిదే.

3. దస్త్‌బర్దారీ (వదులుకోవటం): ఇది ధర్మసమ్మతమే. అయితే తన హక్కు ఎంతో తెలిసి, ఇష్టపూర్వకంగా వదులుకోవాలి.

మన ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతోంది. తండ్రి ఆస్తి పంచుకునేటప్పుడు 'చెల్లెలు అడగలేదు, వదిలేసినట్లే' అంటాం. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయేమోనన్న భయంతో ఆమె నోరు మెదపదు. ఆ మౌనం దస్త్‌బర్దారీ కాదు. మాట్లాడనివారికి మాట అంటగట్టరాదన్నది ఫిఖ్‌హ్ పండితుల సూత్రం. పైగా ఆస్తి కొద్దిదైనా ఎక్కువైనా స్త్రీల వాటా అల్లాహ్ నిర్ణయించినది (4 : 7). కనుక ఆమె దావా చేయకపోయినా ఇవ్వవలసిందే.

సోదరులారా! చెల్లెలు అడిగేదాకా ఆగకండి. ఆమెను పిలిచి, కాగితాలు ముందుంచి, లెక్క చెప్పండి. ఈ లోకంలో దావా చేయలేనివారి తరఫున రేపు తీర్పు దినాన నిలదీసేవాడు అల్లాహ్. ఆ రోజు ఇన్కార్ చెల్లదు. నోటికి ముద్ర పడుతుంది, చేతులు మాట్లాడతాయి (36 : 65).

హక్కుదారుల హక్కులు చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.