కడపటి గడపకు మందు

మహమ్మారికి ధనికుడనియు పేదయనియు భేదము లేదని లోకులందురు. ఈ మాటలో సగమే సత్యము. రోగము అందరిని తాకగలదు. కాని కాచుకొను సాధనములు అందరికిని సమముగా లేవు.

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లూయెంజా జ్వరము ప్రపంచమెల్ల వ్యాపించెను. మన దేశమున కోటికి పైగా జనులు మరణించిరి. ఆ యేడు బొంబాయి నగరమున ఐరోపావారిలో వేయిమందికి సుమారు 8 మంది చనిపోగా, తక్కువగా చూడబడిన కులములవారిలో వేయిమందికి సుమారు 61 మంది చనిపోయిరి. నగరమొక్కటియే, జ్వరమొక్కటియే. ఇరుకైన ఇండ్లు, చాలని తిండి, అందని వైద్యము ఈ భేదమునకు కారణములు.

నూఱేండ్లు గడచిన పిదప, 2020లో కోవిడ్ వచ్చెను. ఎడముగా నుండుడనియు, ఇల్లు కదలవలదనియు వైద్యులు చెప్పిరి. సలహా మంచిదే. కాని ఒకే గదిలో ఆరుగురు నివసించుచోట ఎడమెక్కడిది? వికారాబాదు జిల్లాలోని దోమ మండలమున పల్లెవారికి సేద్యము, కూలిపని జీవనాధారములు. సమీపమునగల తాండూరు నాపరాళ్లకు ప్రసిద్ధి. గనులలో రాయి తీయు కూలివానికి పని నిలిచిననాడు కూడును నిలుచును.

మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమయ్యెను. హైదరాబాదు ప్రాంతమునకు కట్టడపు పనులకై వచ్చిన దూర రాష్ట్రముల కూలీలు చిక్కుపడిరి. మే 1న సుమారు 1,200 మందితో తొలి శ్రామిక రైలు లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరెను. అప్పటికి ఐదు వారములు దాటెను. ఆ దినములలో తెలంగాణ ప్రభుత్వము రేషను కార్డు లేని వలస కూలీలకును మనిషికి 12 కిలోల బియ్యము, 500 రూపాయలు ఇచ్చెను. ఆకలిగొన్నవాడు ఇంట నిలువలేడు. కావున అన్నమును వైద్యములో భాగమే.

2021 సెప్టెంబరు 11న వికారాబాదులో డ్రోనులచే టీకాలను, ఔషధములను పంపు ప్రయోగము ప్రారంభమయ్యెను. ఇది మెచ్చదగిన విద్య. అయినను ఆకాశమున వచ్చిన మందును రోగి చేతికిచ్చుటకు నేలపై మనిషి కావలయును. ఆ యేటి మే నెలలో ఇల్లిల్లు తిరిగి, జ్వరము గలవారిని విచారించి, మందులిచ్చిన ఆశా కార్యకర్తలు అట్టివారు.

ప్రజారోగ్యమును మెరుగుపరచుట రాజ్యమునకు ముఖ్యవిధియని మన రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పుచున్నది. కడపటి గుడిసెలో రోగమున్నంతకాలము మేడలోని వానికిని అభయము లేదు. పేదకు మందిచ్చుట భిక్షమని తలచరాదు. అది వానికి చెల్లవలసిన న్యాయము.